యూనిట్ - 9 : గిటార్ వాదనంలో పిక్ వేగం – సాధన పద్ధతి, సామగ్రి ఎంపిక

లక్ష్యాలు

ఈ యూనిట్‌ను అధ్యయనం చేసిన తరువాత మీరు పిక్ వేగాన్ని సెకనుకు ఎన్ని మీట్లు అన్న లెక్కలో చెప్పగలుగుతారు. ఒక తీగ నుంచి మరో తీగకు మారేటప్పుడు వేగం ఎందుకు తెగిపోతుందో వివరించగలుగుతారు. సరళీ స్వరాలను గిటార్‌పై మూడు కాలాల్లో సాధన చేయగలుగుతారు. మీ వాదనానికి తగిన తీగల ఎత్తు, తీగల మందం, పిక్ ఏవో కొలిచి నిర్ణయించుకోగలుగుతారు.

9.0 పరిచయం

సంపర్క తరగతుల్లో గిటార్ విద్యార్థులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది: "సార్, ఏ పిక్ కొంటే స్పీడు వస్తుంది?" ప్రశ్నలో తప్పు లేదు. కానీ అడిగిన విద్యార్థి గిటార్‌ను చేతిలోకి తీసుకుని చూస్తే, చాలాసార్లు తీగలు ఫ్రెట్ల మీద నుంచి వేలెడు ఎత్తున ఉన్నట్టు ఉంటాయి. ఆ గిటార్ మీద ఏ పిక్ పట్టుకున్నా వేగం రాదు. మరికొందరి దగ్గర గిటార్ బాగానే ఉంటుంది, సామగ్రికీ లోటుండదు, అయినా ఒకే చోట, అంటే తీగ మారే చోట, చెయ్యి తడబడుతుంది. దానికి మందు కొట్లో దొరకదు.

కాబట్టి ఈ యూనిట్‌లో మనం రెండు విషయాలను వేరు చేసి చూస్తాం. చేతి కదలిక వల్ల వచ్చే ఇబ్బంది ఏది, వాద్యం వల్ల వచ్చే ఇబ్బంది ఏది? ఈ తేడా తెలిస్తే మీకు నెలల కొద్దీ సమయం, కొంత డబ్బు మిగులుతాయి. ఉద్యోగమో, వ్యవసాయమో, ఇంటి పనో చేసుకుంటూ రోజుకు అరగంట మాత్రమే గిటార్ పట్టుకోగలిగిన దూరవిద్యా విద్యార్థికి ఇది చిన్న విషయం కాదు.

పాఠంలో కుడిచేతితో మీటేవారిని దృష్టిలో పెట్టుకుని రాశాం. ఎడమచేతి వాటం గలవారు చేతుల పేర్లను తిప్పి చదువుకోండి.

9.1 వేగాన్ని ఎలా కొలుస్తాం?

"నేను 160లో వాయిస్తాను" అని ఎవరైనా అంటే ఆ మాటకు సగమే అర్థం ఉంది. మెట్రోనోమ్ నిమిషానికి 160 బీట్లు కొడుతుంటే బీటుకు ఒక స్వరం వాయిస్తున్నారా, రెండా, నాలుగా అన్నది చెప్పాలి. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవారికి ఇది కొత్త కాదు. తాళం మారదు, కాలం మారుతుంది. మొదటి కాలంలో క్రియకు 1 స్వరం, రెండో కాలంలో 2, మూడో కాలంలో 4.

మెట్రోనోమ్‌ను 60కి పెట్టండి. సెకనుకు ఒక బీటు వస్తుంది. మొదటి కాలంలో మీరు సెకనుకు 1 స్వరం వాయిస్తారు, రెండో కాలంలో 2, మూడో కాలంలో 4. ఇప్పుడు మెట్రోనోమ్‌ను 120కి పెంచి మూడో కాలంలోనే వాయిస్తే సెకనుకు 8 స్వరాలు. అంటే ఒక మీటుకూ మరో మీటుకూ మధ్య 125 మిల్లీ సెకన్ల వ్యవధి మాత్రమే ఉంటుంది. 160కి వెళితే సెకనుకు 10 దాటుతుంది. మీ నోటు పుస్తకంలో వేగాన్ని ఎప్పుడూ ఈ లెక్కలోనే రాసుకోండి. బీట్ల సంఖ్య ఒక్కటే రాస్తే నెల తరువాత అది మీకే అర్థం కాదు.

బీటుకు నాలుగు స్వరాలు వాయించేటప్పుడు నోటితో "తక ధిమి" అనుకోండి. మూడు వాయిస్తే "తకిట", అయిదు వాయిస్తే "తక తకిట". ఇంగ్లిషులో అంకెలు లెక్కపెట్టడం కంటే ఇది సులభం, ఎందుకంటే జతులు వేగంగా పలకడానికే పుట్టాయి. వేళ్లు ఏ వేగంతో కదలాలో ఆ వేగంతో నోరు పలకలేకపోతే, ఆ లయ ఇంకా మీ లోపలికి రాలేదన్నమాట.

9.2 మీటు ఎలా జరుగుతుంది?

పిక్ నేలవైపు కదిలితే దాన్ని కింది మీటు అందాం. పైకి, అంటే మీ ముఖం వైపు కదిలితే పై మీటు. ఈ రెంటినీ ఒకదాని తరువాత ఒకటిగా మార్చి మార్చి వాయించడమే ఆల్టర్నేట్ పికింగ్. అన్నీ కింది మీట్లే వాయిస్తే ప్రతి మీటు తరువాత పిక్ ఖాళీగా వెనక్కి రావాలి. ఆ ఖాళీ ప్రయాణాన్ని కూడా స్వరంగా మార్చుకుంటే అదే శ్రమకు రెట్టింపు స్వరాలు వస్తాయి.

కొత్తవారిలో కనిపించే మొదటి లోపం పిక్‌ను లోతుగా దించడం. తీగకు తగలాల్సింది పిక్ కొన మాత్రమే. 1 నుంచి 2 మిల్లీమీటర్లు చాలు. అంతకు మించి దిగితే పిక్ తీగలో ఇరుక్కుంటుంది, దాన్ని బయటికి లాగడానికి మణికట్టు బిగుసుకుంటుంది, బిగుసుకున్న మణికట్టు వేగంగా తిరగదు. బలం తక్కువై వేగం రావడం లేదని చాలామంది అనుకుంటారు. నిజానికి అక్కరలేని బలం ఎక్కువైంది.

రెండో విషయం పిక్ వాలు. పిక్‌ను తీగకు పూర్తిగా సమాంతరంగా పట్టుకుంటే దాని వెడల్పు మొత్తం తీగను ఢీకొంటుంది. కాస్త తిప్పి, అంచు ముందుగా తగిలేలా పట్టుకుంటే పిక్ తీగ మీద నుంచి జారిపోతుంది. ధ్వనిలో కొంచెం గరగర వస్తుంది. ఆ మేరకు వేగం సులువవుతుంది. ఎంత తిప్పాలన్నది మీ చెవి ఒప్పుకున్నంత.

కదలిక మణికట్టు నుంచి రావచ్చు, ముంజేతిని తాళంచెవిలా తిప్పడం నుంచి రావచ్చు, బొటనవేలు–చూపుడువేలు కదలిక నుంచి రావచ్చు. గొప్ప వాదకుల్లో మూడు రకాలవారూ ఉన్నారు. మోచేతిని బిగించి చెయ్యంతా వణికించే పద్ధతిని మాత్రం కొత్తవారికి సిఫారసు చేయం. కొద్దిసేపు వేగం వస్తుంది కాని త్వరగా అలసట వస్తుంది, తీగ మారేటప్పుడు అదుపు తప్పుతుంది.

9.3 నెమ్మది సాధన, దాని హద్దు

"నెమ్మదిగా మొదలుపెట్టు, తప్పు లేకుండా వస్తే మెట్రోనోమ్‌ను 2 పెంచు, మళ్లీ 2 పెంచు." గిటార్ నేర్పే పుస్తకాలన్నిటా ఈ సలహా ఉంటుంది. స్వరాలు గుర్తుండటానికి, ఎడమచేతి వేళ్లు తమ చోటు తెలుసుకోవడానికి ఇది మంచి పద్ధతే. కాని వేగం విషయంలో దీనికి హద్దుంది.

నడకను ఎంత పెంచినా అది పరుగు కాదు. పరుగులో కాలి కదలికే వేరు. పిక్ విషయమూ అంతే. సెకనుకు 2 స్వరాలు వాయించేటప్పుడు మీరు ఎలాంటి కదలికతోనైనా నెట్టుకురాగలరు. పిక్ లోతుగా దిగినా, ప్రతి మీటు తరువాత ఆగినా తెలియదు. సెకనుకు 8 దగ్గర ఆ కదలిక పనికిరాదు. అప్పుడు విద్యార్థి ఏదో ఒక సంఖ్య దగ్గర ఆగిపోతాడు, నెలల తరబడి అక్కడే ఉంటాడు, తనకు వేగం రాసిపెట్టి లేదనుకుంటాడు. ఆగిపోయింది అతను కాదు, ఆ కదలిక.

అందుకే వేగవంతమైన కదలిక ఎలా ఉంటుందో చేతికి ముందే రుచి చూపించాలి. మూడో తీగను వట్టిగా, ఎడమచేయి పెట్టకుండా, మీకు వీలైనంత వేగంగా, వదులుగా రెండు సెకన్లు మీటి ఆపండి. లెక్క వద్దు, మెట్రోనోమ్ వద్దు. చేతిలో ఎక్కడా బిగువు లేకుండా వచ్చిన ఆ కదలికను గమనించండి. ఇప్పుడు అదే కదలికను, అదే చిన్న దూరాన్ని ఉంచుతూ వేగం తగ్గించండి. పెద్ద కదలికను వేగంగా చేయడానికి బదులు, వేగం నుంచి దిగివచ్చిన చిన్న కదలికను నెమ్మదిగా చేస్తున్నాం. తేడా మీకు వెంటనే తెలుస్తుంది.

ఇక్కడ మన మూడు కాలాల పద్ధతి ఎంతో ఉపయోగపడుతుంది. అది వేగాన్ని 2 చొప్పున పెంచదు, ఒక్కసారిగా రెట్టింపు చేస్తుంది. మొదటి కాలంలో ఏ కదలికతో వాయించారో దానితో మూడో కాలం రాదని చేతికి వెంటనే తెలిసిపోతుంది. పురందరదాసు పేరుతో మనకు అందిన సరళీ స్వరాలను పిల్లలచేత మూడు కాలాల్లో పాడించడంలో ఉన్న ఉపయోగాల్లో ఇదీ ఒకటని ఈ రచయిత అభిప్రాయం. మూడో కాలం తప్పులతో వచ్చినా పర్వాలేదు. నాలుగు స్వరాలు మాత్రమే తీసుకుని, మూడో కాలంలో ఒక విసురుగా వాయించి, తరువాతి బీటు మీద ఆగండి. నాలుగు స్వరాలు నిలిస్తే ఎనిమిది, ఎనిమిది నిలిస్తే పదహారు. ఆగే చోట ఎప్పుడూ బీటు మీదే దిగాలి. అదే లయకు కాపలా.

9.4 తీగ మారే చోటు

ఒకే తీగ మీద సెకనుకు 8 స్వరాలు వాయించగలిగినవారు కూడా తీగ మారేసరికి 5 దగ్గర ఆగిపోవడం మామూలు. కారణాన్ని ఒక ఉదాహరణతో చూద్దాం. గిటార్ దగ్గర పెట్టుకుని చదవండి.

మాయామాళవగౌళలో సరళీ స్వరాల మొదటి వరుస తీసుకోండి: స రి గ మ ప ద ని స. అయిదో తీగ 3వ ఫ్రెట్‌ను షడ్జమంగా పెట్టుకుందాం. గిటార్ భాషలో అది సి స్వరం. అప్పుడు వరుస ఇలా వస్తుంది.

మొదటి అమరిక: అయిదో తీగపై స (3), రి (4); నాలుగో తీగపై గ (2), మ (3), ప (5); మూడో తీగపై ద (1), ని (4), స (5). కుండలీకరణాల్లోని అంకెలు ఫ్రెట్లు.

కింది మీటుతో మొదలుపెట్టి మార్చి మార్చి వాయించండి. స కింది, రి పై, గ కింది, మ పై, ప కింది, ద పై, ని కింది, స పై. ఇందులో తీగ రెండుసార్లు మారింది. రెండు మార్పులూ ఒకటి కావు.

రి నుంచి గ కు వెళ్లేటప్పుడు చివరి మీటు పై మీటు. పిక్ అయిదో తీగకు పైన ఉంది. తరువాతి కింది మీటు కోసం అది అయిదో తీగను దాటి, అయిదు–నాలుగు తీగల మధ్యకు దిగాలి. ప నుంచి ద కు వెళ్లేటప్పుడు పరిస్థితి వేరు. కింది మీటు తరువాత పిక్ నాలుగు–మూడు తీగల మధ్యన ఉంది. తరువాతిది పై మీటు కనుక, పిక్ మూడో తీగను తాకకుండా దాటి దాని అవతలికి వెళ్లి, అక్కడి నుంచి పైకి రావాలి. మొదటి మార్పులో ఇప్పుడే వాయించిన తీగను దాటాం, రెండో మార్పులో ఇక వాయించబోయే తీగను దాటాం. మీకు ఏది కష్టంగా ఉందో ఒకసారి వాయించి చూడండి. ఎక్కువమందికి రెంటిలో ఒకటి సులువుగా, మరొకటి మొండిగా ఉంటుంది.

ఎందుకంటే పిక్ ప్రయాణం తీగల తలానికి సరిగ్గా సమాంతరంగా ఉండదు. కొందరి చేతిలో పై మీటు తీగల నుంచి బయటికి లేస్తుంది, కింది మీటు తీగల మధ్యకు దిగుతుంది. అలాంటి చెయ్యి పై మీటు తరువాత సునాయాసంగా తీగ మారుతుంది, కింది మీటు తరువాత ఇరుక్కుంటుంది. మరికొందరి చేతిలో ఇది తలకిందులు. అమెరికన్ గిటారిస్టు ట్రాయ్ గ్రేడీ గిటార్ మీదే కెమెరా అమర్చి, పేరున్న వాదకుల పిక్ కదలికను దగ్గర నుంచి చిత్రించి ఈ విషయాన్ని వివరంగా చూపించాడు. మీకూ ఆ సౌకర్యం ఉంది. సెకనుకు 240 చిత్రాలు తీసే స్లోమోషన్ మీ ఫోనులో ఉంటే, సెకనుకు 8 స్వరాల వేగంలో ఒక్కో మీటుకు 30 చిత్రాలు వస్తాయి. ఏ మీటు దగ్గర పిక్ బయటికి లేస్తున్నదో స్పష్టంగా కనిపిస్తుంది.

తెలిశాక ఏం చేయాలి? మూడు మార్గాలున్నాయి. ఒకటి, మొండి మార్పును విడిగా తీసి సాధన చేయడం. ప, ద రెండే స్వరాలు, కింది–పై, వందసార్లు. ఇది నిజాయితీ గల మార్గం, నిదానమైన మార్గం. రెండోది, కింది మీటుతో ప వాయించి, పిక్‌ను ఆపకుండా అదే ఊపులో మూడో తీగ మీదికి జార్చి ద కూడా కింది మీటుతోనే వాయించడం. దీన్ని ఎకానమీ పికింగ్ అంటారు. దాటడమే ఉండదు. అయితే రెండు స్వరాల మధ్య కాలం కుంచించుకుపోయే ప్రమాదం ఉంది, మెట్రోనోమ్‌తో తప్పక సరిచూసుకోవాలి.

మూడోది వేళ్ల అమరికను మార్చడం. అదే వరుసను ఇలా పెట్టి చూడండి.

రెండో అమరిక: అయిదో తీగపై స (3), రి (4), నాలుగో తీగపై గ (2), మ (3), మూడో తీగపై ప (వట్టి తీగ), ద (1), ని (4), స (5).

స్వరాలు మారలేదు, రాగం మారలేదు. ఒక్క పంచమాన్ని వట్టి తీగకు జరిపాం. ఇప్పుడు తీగకు రెండు, రెండు, నాలుగు స్వరాలు వచ్చాయి. అన్నీ సరి సంఖ్యలు కనుక ప్రతి తీగ మార్పూ పై మీటు తరువాతే వస్తుంది. అవరోహణలోనూ అంతే: స ని ద ప మూడో తీగపై నాలుగు, మ గ నాలుగో తీగపై రెండు, రి స అయిదో తీగపై రెండు. పై మీటు తరువాత బయటపడే చెయ్యి గలవారు ఈ అమరికలో ఎక్కడా ఇరుక్కోరు. ద నుంచి ని కి ఎడమచేతిని కొంచెం జరపవలసి వస్తుంది. పంచమం వట్టి తీగ కనుక దానికి గమకం వేయలేం. ఏదీ ఉచితంగా రాదు. కాని "నాకు వేగం రావడం లేదు" అన్న బాధకు కారణం ఒక్కోసారి చేతిలో కాక ఫ్రెట్ల లెక్కలో ఉంటుందని దీనివల్ల తెలుస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మెట్రోనోమ్ 90 వద్ద మూడో కాలంలో వాయిస్తే సెకనుకు ఎన్ని స్వరాలు?
2. మొదటి అమరికను పై మీటుతో మొదలుపెడితే ఏ రెండు స్వరాల మధ్య తీగ మార్పు కింది మీటు తరువాత వస్తుంది?

(జవాబులు: 1. ఆరు. 2. రి, గ ల మధ్య.)

9.5 ఎడమచెయ్యి

దీని గురించి ఏడో యూనిట్‌లో విపులంగా చదివారు కనుక ఒక్క మాట చాలు. వేగంలో వినిపించే "చిట్ చిట్" అనే మూగ స్వరాలు చాలావరకు పిక్ తప్పు కాదు. వేలు ఫ్రెట్ మీద పడకముందే పిక్ తీగను తాకడం వల్ల వచ్చేవి. వేలు వెంట్రుకవాసి ముందు, పిక్ ఆ వెంటనే. వేలిని ఫ్రెట్ లోహానికి ఆనుకుని, దాని వెనుక పెడితే తక్కువ ఒత్తిడితోనే స్వరం తేటగా పలుకుతుంది.

9.6 సామగ్రి: ముందు కొలవండి, తరువాత కొనండి

9.6.1 తీగల ఎత్తు

గిటార్ వాదకులు దీన్ని యాక్షన్ అంటారు. 12వ ఫ్రెట్ దగ్గర, ఫ్రెట్ పై అంచు నుంచి తీగ అడుగు వరకు ఉన్న దూరం. అర మిల్లీమీటరు గీతలున్న స్టీలు స్కేలుతో కొలవవచ్చు. ఆరో తీగ దగ్గర ఎలక్ట్రిక్ గిటార్‌కు 1.6 నుంచి 2 మి.మీ., అకూస్టిక్ గిటార్‌కు సుమారు 2.2 నుంచి 2.8 మి.మీ. ఉంటే సాధనకు అనుకూలం. ఒకటో తీగ దగ్గర ఇంకొంచెం తక్కువ ఉండవచ్చు. 4 మి.మీ. చూపిస్తే మీ సమస్యకు కారణం దొరికినట్టే. అంత ఎత్తున ఎడమచెయ్యి బలం పెట్టి నొక్కాలి, ఆ బిగువు కుడిచేతికీ పాకుతుంది, తీగ ఎక్కువ సాగి స్వరం కూడా హెచ్చవుతుంది.

తలవైపున ఉండే నట్ కూడా చూడండి. తీగను రెండు, మూడు ఫ్రెట్ల మధ్య నొక్కిపట్టి, ఒకటో ఫ్రెట్‌పైన తీగకు, ఫ్రెట్‌కు మధ్య సందు గమనించండి. కాగితం పట్టేంత సందు ఉంటే చాలు. అంతకంటే బాగా ఎక్కువ ఉంటే నట్ గాడులు లోతు చేయించాలి. ఈ పనులను సెటప్ అంటారు. గిటార్ మరమ్మతు తెలిసినవారిచేత చేయించుకోండి. మెడలోని ట్రస్ రాడ్‌ను వీడియో చూసి తిప్పి, మెడ పాడుచేసుకున్న విద్యార్థులు మాకు తెలుసు.

సెటప్ ఒకసారితో తీరేది కాదు. చెక్క గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. గిటార్‌కు 45 నుంచి 55 శాతం తేమ హాయి. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రతీర పట్టణాల్లో వానాకాలంలో అకూస్టిక్ గిటార్ పైపలక ఉబ్బి తీగలు పైకి లేస్తాయి, తీగలు తొందరగా తుప్పు పడతాయి. తెలంగాణ జిల్లాల ఎండాకాలంలో ఫ్రెట్‌బోర్డు చెక్క కుంచించుకుపోయి ఫ్రెట్ల చివరలు అంచున గుచ్చుకుంటాయి. గిటార్‌ను గోడకు తగిలించకుండా సంచిలో పెట్టడం ఖర్చులేని జాగ్రత్త.

9.6.2 తీగల మందం

తీగల మందాన్ని అంగుళంలో వెయ్యో వంతుల్లో చెబుతారు. 9 సెట్ అంటే ఒకటో తీగ 0.009 అంగుళాలు. తీగ బిగుతు దాని బరువును, పొడవు వర్గాన్ని, పౌనఃపున్యం వర్గాన్ని అనుసరించి ఉంటుందని భౌతికశాస్త్రంలో చదివి ఉంటారు. 25.5 అంగుళాల స్కేలు గల గిటార్‌పై ఒకటో తీగను మామూలు శ్రుతికి, అంటే 329.6 హెర్ట్జ్‌కు పెంచితే 9 తీగపై దాదాపు 6 కిలోల లాగుడు ఉంటుంది. 10 తీగపై 7.4 కిలోలు, 12 తీగపై 10.6 కిలోలకు పైన. వెయ్యో వంతు అంగుళం తేడా కంటికి కనపడదు, వేలికి మాత్రం 23 శాతం తేడాగా తెలుస్తుంది.

గిటార్ స్కేలు పొడవు కూడా ఇందులో పాత్ర వహిస్తుంది. ఫెండర్ గిటార్ల స్కేలు సాధారణంగా 25.5 అంగుళాలు, గిబ్సన్ గిటార్లది 24.75 అని చెబుతారు. అవే తీగలు, అదే శ్రుతి ఉన్నా రెండోదానిపై బిగుతు సుమారు 6 శాతం తక్కువ. చెయ్యి చిన్నగా ఉన్నవారు దీన్ని గుర్తుంచుకోవాలి. ఏమీ కొనకుండా బిగుతు తగ్గించే దారి కూడా ఉంది: అన్ని తీగలనూ అరస్వరం దింపి శ్రుతి చేస్తే 11 శాతం బిగుతు తగ్గుతుంది.

అయితే పలచని తీగలే వేగానికి మంచివా? అలా అనలేం. తీగ మరీ వదులైతే మీటిన తరువాత ఎక్కువ ఊగుతుంది, తరువాతి మీటుకు పిక్ దాన్ని వెతుక్కోవాలి. గమకాలు, తీగను పక్కకు లాగే బెండ్‌లు ఎక్కువగా వాయించేవారికి 9 సెట్ హాయి. గట్టిగా మీటేవారికి, తాళగతి కోసం అన్ని తీగలనూ కలిపి వాయించేవారికి 10 లేదా 11 నిలకడగా ఉంటాయి. ఒక సెట్ మార్చాక కనీసం రెండు వారాలు వాయించి తేల్చుకోండి. మందం మారితే సెటప్ కూడా కొంచెం మారుతుంది.

9.6.3 పిక్

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. 0.50 లేదా 0.60 మి.మీ. పలచని పిక్ తీగకు తగిలి ముందు వంగుతుంది, తరువాత వదులుతుంది. తీగలన్నీ కలిపి వాయించేటప్పుడు ఈ వంపు మెత్తదనాన్ని ఇస్తుంది, సినిమా పాటకు పక్కవాద్యంగా బాగుంటుంది. విడి స్వరాలు వేగంగా వాయించేటప్పుడు మాత్రం వంగి వదిలే ఆ ఆలస్యం అడ్డవుతుంది. అందుకు 0.88 నుంచి 1.5 మి.మీ. వరకు మందమున్నవి మేలు. డన్‌లప్ వారి టార్టెక్స్ పిక్‌ల రంగే మందాన్ని తెలుపుతుంది: నారింజ 0.60, పసుపు 0.73, ఆకుపచ్చ 0.88, నీలం 1.0, ఊదా 1.14. చిన్న పరిమాణం, మొనదేలిన కొన ఉన్న జాజ్ 3 అనే పిక్ 1.38 మి.మీ. ఉంటుంది, వేళ్ల నుంచి కొన తక్కువగా బయటికి వస్తుంది కనుక లోతుగా దించే అలవాటు దానంతట అదే తగ్గుతుంది.

ఒక సినిమా టికెట్టు డబ్బుతో మూడు నాలుగు రకాలు వస్తాయి. సామగ్రిలో ప్రయోగానికి ఇంత చవకైనది మరొకటి లేదు. రకానికొకటి కొని, ఒకే వరుసను ఒకే వేగంలో అన్నిటితో వాయించి రికార్డు చేసి వినండి. అరిగి ఏటవాలైన కొన తీగకు పట్టుకుంటుంది; అప్పుడు పిక్‌ను మార్చండి.

9.6.4 ఆంప్లిఫయర్, ఇయర్‌ఫోన్లు

డిస్టార్షన్ పెంచితే మెల్లగా మీటిన స్వరం, గట్టిగా మీటిన స్వరం ఒకే స్థాయిలో వినిపిస్తాయి. వేగం వచ్చేసినట్టు అనిపిస్తుంది. సాధన సమయంలో శుభ్రమైన ధ్వనితోనే వాయించండి, అసమానతలు బయటపడనివ్వండి.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఎలక్ట్రిక్ గిటార్‌ను ఫోనుకు కలిపి, బ్లూటూత్‌లో వింటే ధ్వని 100 మిల్లీ సెకన్లకు పైగా ఆలస్యంగా చెవికి చేరడం సాధారణం. 120 వద్ద మూడో కాలంలో స్వరానికి స్వరానికి మధ్య 125 మిల్లీ సెకన్లే అని పైన చూశాం. అంటే మీరు వింటున్నది దాదాపు వెనకటి స్వరాన్ని! లయ పోతున్నదని మిమ్మల్ని మీరు నిందించుకోకండి, తీగ ఉన్న ఇయర్‌ఫోన్ వాడండి. మెట్రోనోమ్‌ను మాత్రమే బ్లూటూత్‌లో వింటూ గిటార్‌ను నేరుగా చెవితో వింటుంటే ఈ ఇబ్బంది లేదు; బీట్లన్నీ ఒకే మేరకు ఆలస్యమవుతాయి కనుక వాటి మధ్య దూరం మారదు.

9.7 పాలకొల్లు మాండలిన్ చెప్పే సంగతి

వాదనానికి తగ్గట్టు వాద్యాన్ని మలచుకోవడానికి మంచి ఉదాహరణ మన దగ్గరే ఉంది. 1969లో పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ పిక్‌తో వాయించే మాండలిన్‌ను కర్ణాటక సంగీత కచేరీ వేదిక ఎక్కించారు. పాశ్చాత్య మాండలిన్‌పై తీగలు జంటలుగా, నాలుగు జతలు ఉంటాయి. జంట తీగలను పక్కకు లాగి గమకం పలికించడం కష్టం, రెండూ సమంగా సాగవు. ఆయన విడి తీగలు అయిదు బిగించిన ఎలక్ట్రిక్ మాండలిన్ వాయించారు. విడి తీగ గమకానికి లొంగింది, అయిదో తీగ స్థాయిని పెంచింది, పికప్ వల్ల చిన్న మీటు కూడా సభ చివరి దాకా వినపడింది. చిన్న మీటుతో పని జరిగినప్పుడే వేగం నిలుస్తుంది.

ఆయనతో రిమెంబర్ శక్తి బృందంలో కలిసి వాయించిన ఇంగ్లిషు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ కూడా అంతకుముందు 1970లలో శక్తి బృందం కోసం, ఫ్రెట్ల మధ్య చెక్కను పల్లంగా చెక్కిన అకూస్టిక్ గిటార్ చేయించుకున్నాడు. తీగను లోతుగా నొక్కి, లాగి గమకం పలికించడానికి అది అవసరమైంది. ఇద్దరూ ముందు తమ సంగీతానికి ఏం కావాలో తెలుసుకున్నారు, వాద్యం దాని వెంట మారింది.

9.8 నొప్పి వస్తే

వేళ్ల కొసలు మండటం మొదటి నెలల్లో సహజం. ముంజేతిలోనో మణికట్టులోనో నొప్పి, వేళ్లలో తిమ్మిరి, రాత్రి పడుకున్నా తగ్గని పోటు సహజం కావు. అలాంటిది కనిపిస్తే ఆ రోజుకు ఆపండి. కొన్ని రోజుల విశ్రాంతి తరువాత కూడా మళ్లీ వస్తే వైద్యుణ్ని సంప్రదించండి. నొప్పిని ఓర్చుకోవడం సాధన కాదు. 20 నిమిషాలకు ఒకసారి చేతులు కిందికి వేలాడదీసి విదిలించండి. ఆదివారం మూడు గంటలు కూర్చోవడం కంటే రోజూ 25 నిమిషాలు మేలు.

అభ్యాస కృత్యం

రెండో అమరికలోని సరళీ స్వరాల మొదటి వరుసను, ఆరోహణ అవరోహణలతో, మెట్రోనోమ్ 60 వద్ద మూడు కాలాల్లో వాయించి ఫోనులో రికార్డు చేయండి. తేదీ, తీగల సెట్, 12వ ఫ్రెట్ వద్ద ఆరో తీగ ఎత్తు, పిక్ మందం నోటు పుస్తకంలో రాయండి. పద్నాలుగు రోజులు తేదీ తప్ప మిగిలిన మూడింటిలో దేన్నీ మార్చకుండా సాధన చేసి, పదిహేనో రోజున మళ్లీ రికార్డు చేయండి. ఆ తరువాత పిక్ ఒక్కటి మార్చి మూడోసారి రికార్డు చేయండి. మూడు రికార్డులనూ, నోటు పుస్తకాన్నీ తరువాతి సంపర్క తరగతికి తీసుకురండి. ఏ మార్పు సాధన వల్ల వచ్చింది, ఏది పిక్ వల్ల వచ్చింది అన్నది అక్కడ అందరం కలిసి విని తేల్చుకుందాం.